ఏడు, ఎనిమిది, మధ్యలో మేక

గుమ్మడికాయ కొట్టాక తలుపు మూసుకుందన్నది అబద్ధం. ముందు ఈ ఒక్క మాట చెప్పేసి తర్వాత కథలోకి వస్తాను. లేకపోతే మధ్యలో నాకే కోపమొచ్చి ఆగిపోతాను.

ఖిలా వరంగల్ వెళ్లే దారిలో ఒక పాత టేకు ఇల్లుంది. ఇప్పుడది మ్యూజియం. కోట చూసొచ్చేవాళ్లు కాసేపు నీడకని అందులోకి వస్తారు. అక్కడి గైడు వాళ్లను గడప ముందు నిలబెట్టి గొంతు తగ్గించి చెప్తాడు: "ఈ ఇల్లు మట్టెవాడల తూర్పు మొఖం ఉండె సార్. ఇక్కడికి తెచ్చి ఉత్తరం మొఖం పెట్టిన్రు. ఇల్లు అలిగింది. దర్వాజ మూసుకోనన్నది. గుమ్మడికాయ కొట్టి దండం పెడితే టక్కున మూసుకున్నది." జనం చెప్పులు విడిచి చేతులు జోడిస్తారు. ఆ మధ్య ఒకావిడ నన్నే పక్కకు పిలిచి, ఇది చాలా మహిమ గల ఇల్లు, మొక్కుకోండి అని సలహా కూడా ఇచ్చింది.

మా ఆఫీసు, అంటే మ్యూజియాల శాఖ, చెప్పే కథ ఇంకొకటి. మా పెద్దసారు థాయ్‌లాండ్‌లో నేర్చుకొచ్చిన పద్ధతిలో కొలతలు తీసి లోపం పట్టుకున్నారని. ఫైల్లో అలాగే రాసి ఉంది. ఫైల్లో ఉంది కనుక నిజమనుకునేవాళ్లు మీలోనూ ఉంటారు.

రెండూ తప్పే. గుమ్మడికాయ కొట్టిన మాట నిజం. దాని గుజ్జు మీద జారి మా హెడ్ క్లర్కు నడుము పట్టేసిన మాట ఇంకా నిజం. తలుపు మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. ఆ తలుపు మూసుకోకపోవడానికి కారణం నేను. మూసుకోవడానికి కారణం ఒక మేక. స్వచ్ఛంద విరమణ తీసుకుని ఇంట్లో కూర్చున్నాను కనుక ఇప్పుడు ఈ మాట చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇల్లు మట్టెవాడ సందులో ఉండేది. కలప వ్యాపారం చేసిన ఒక ముస్లిం కుటుంబానిది. పది టేకు స్తంభాలు, మా వైపు కంబాలంటాం. వాటి మీద దూలాలు, పైన పెంకులు. ఎక్కడా ఇనుప మేకు లేదు. కంబం కొసను నాలుకలా చెక్కి, దూలానికి వేసిన బెజ్జంలో దూర్చి, అడ్డంగా ఒక చెక్క మేకు కొడితే అంతే, బిగిసిపోతుంది. వీధి తలుపుకు తాళం కూడా లేదు. లోపల చేతి మందాన ఒక అడ్డగడియ, అంతే.

రోడ్డు వెడల్పు చేయాలన్నారు. ఇల్లు పోవాల్సిందేనన్నారు. సరిగ్గా అప్పుడే మా పెద్దసారు ఒక శిక్షణకని థాయ్‌లాండ్ వెళ్లొచ్చారు. ఆయన వెళ్లింది పది రోజులు, మేము విన్నది రెండేళ్లు. అక్కడ ఒక పాత చెక్క ఇల్లు చూశారట. నేల మీద కాకుండా ఎత్తైన కంబాల మీద నిలబెట్టిన ఇల్లు. ఎక్కడో ఊళ్లో ఉన్నదాన్ని పలక పలకగా విప్పి, పడవలో వేసుకొచ్చి, మళ్లీ కట్టి మ్యూజియం చేశారట. చూసేవాళ్లు చెప్పులు విప్పి మెట్లెక్కాలి, ఎత్తైన గడపను తొక్కకుండా దాటాలి. "గడప తొక్కకూడదన్న సంగతి థాయ్‌లాండ్ దాకా వెళ్లి తెలుసుకున్నారా సార్? మా అమ్మ దగ్గరికి రావాల్సింది" అన్నాను. ఆయన నవ్వలేదు. కానీ మట్టెవాడ ఇంటిని కూడా అలాగే విప్పి తెద్దామన్న ఆలోచన మాత్రం ఆయనదే, కాదనను. వస్తువుల పట్టికలు రాసే పని నాది గనుక ఇంటి యజమానురాలిని ఒప్పించే పని కూడా నా నెత్తిన పడింది.

ఆమె డెబ్బై దాటిన మనిషి. అందరూ ఖాలా, అంటే పిన్నమ్మ, అంటారు, నేనూ అదే అన్నాను. సందులో ఇల్లు పోతుందని తెలిసినప్పటి నుంచీ కేసముద్రంలో కూతురి దగ్గర ఉంటోంది. టేకు కోసం కలప వ్యాపారులు అప్పటికే ఆమె చుట్టూ తిరుగుతున్నారు. నేను పెద్దసారి ఫోన్లోంచి థాయ్ ఇంటి ఫొటోలు నా ఫోన్లోకి ఎక్కించుకుని వెళ్లి చూపించాను. చూడండి ఖాలా, మీ ఇల్లు కూడా ఇలా నిలబడుతుంది, దేశదేశాల వాళ్లొచ్చి చూస్తారు అని చెప్పాను. ఆమె ఫోన్ను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"కింద అంత ఖాళీ ఉంచిన్రు గదా" అంది.

"అవును ఖాలా. నీళ్లు రాకుండా."

"నీళ్ల సంగతేమో గని, మేకలకు మంచిగుంటది."

నేను నవ్వి ఊరుకున్నాను. ఆ మేక మళ్లీ వస్తుందని నాకేం తెలుసు.

ఖాలా ఒప్పుకుంది, ఒక షరతు మీద. "దర్వాజ మూసుకోవాలె. నా చేత్తోని నేను గడియ పెడ్త. గడియ పడకపోతే నా చెక్క నాకు వాపస్. గా టింబర్ డిపో ఆయన అడ్గుతనే ఉన్నడు, కోసుకుంటడు."

"అదేంటి ఖాలా, మ్యూజియానికి తలుపు మూస్తే ఎవరు చూస్తారు?"

"మూసుకోని ఇంటిని ఇల్లనరు బిడ్డా, పందిరంటరు. పందిరి కొరకు నా ఇల్లెందుకు ఇస్త?"

అదే మాట దానపత్రంలో రాశాం. రాసింది నేను, సాక్షి సంతకం పెట్టింది నేను. పెద్దసారు చదివి "దీనిదేముంది, తలుపే కదా" అన్నారు. నాకూ అలాగే అనిపించింది.

ఇల్లు విప్పడానికి మట్టెవాడ మిస్త్రీనే పెట్టాం. అరవై ఏళ్లు పైబడ్డ మనిషి. ఆయన తాత చేతుల మీదే ఆ ఇల్లు లేచిందని చెప్పుకునేవారు. మామూలుగా నన్ను "చెల్లె" అనేవాడు, కోపమొస్తే "మేడం" అనేవాడు. మూడు నెలల్లో ఆయన నన్ను చెల్లె అన్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మొదటి గొడవ ఉలి దగ్గర. విప్పే ముందు ప్రతి కంబం మీదా ఉలితో అంకె చెక్కుతానన్నాడు. వాళ్లింట్లో తాతల నుంచీ అదే పద్ధతి. నేను ఒప్పుకోలేదు.

"పురాతన వస్తువు మీద ఉలి పెడితే ఎలా మిస్త్రీ సాబ్? చాక్‌పీసుతో రాయండి."

"చాక్‌పీసు వానకు పోతది."

"పోకముందే నేను రేకు బిళ్లల మీద రాయించి కడతాను. రిజిస్టర్లో ఎక్కిస్తాను. మీరు ఫికర్ చేయకండి."

"గా రిజిస్టర్ ఇంటిని మోస్తదా మేడం?"

మోస్తుందన్నాను. వాదన నేనే గెలిచాను. నేను మామూలుగా గెలుస్తాను, మా ఇంట్లో అడగండి.

మిస్త్రీ చదువు మదర్సాలో సాగింది. చాక్‌పీసుతో ఉర్దూ అంకెలే వేశాడు. పెద్దసారు కంగారుపడ్డారు, ఇంగ్లీషులో మళ్లీ వేయించమన్నారు. అక్కర్లేదు సార్, నాకు వచ్చన్నాను. ఇక్కడ నా గర్వం గురించి కాస్త చెప్పాలి. మాది కొత్తవాడలో నేత పని చేసే ఇల్లు. మా నాన్న చిన్నప్పుడు ఉర్దూ బడిలో చదివాడు. ఆయన చివరిదాకా పోగుల లెక్క మగ్గం పక్క గోడ మీద ఉర్దూ అంకెల్లోనే వేసుకునేవాడు. నేను పలక మీద తెలుగు ఒకట్లు దిద్దకముందే ఆ గోడ మీది అంకెలు గుర్తుపట్టేదాన్ని. హిస్టరీలో ఎంఏ చేశాక కూడా నాకు ఇంతకంటే గొప్ప చదువు లేదనుకునేదాన్ని. ఆఫీసులో ఇంకెవరికీ రాదు కదా. అందుకే రిజిస్టరు ఎవరికీ ఇవ్వలేదు. అన్నీ నేనే రాశాను.

కంబాలను తెచ్చి మా ఆవరణలో వరసగా పడుకోబెట్టారు. నేను కుర్చీ వేయించుకుని, గొడుగు పట్టుకుని ఒక్కో కంబం దగ్గరికి వెళ్లాను. అంకె చదవడం, రిజిస్టర్లో రాయడం, పైకొస ఎటో బాణం గుర్తు వేయడం, రేకు బిళ్ల కట్టించడం. పైకొస ఎటో ఎలా తెలుస్తుందంటారా? మిస్త్రీ అంకె వేసేటప్పుడు దాని కాళ్లు కంబం మొదలు వైపు ఉండేలా వేస్తాడు. అంకె నిటారుగా ఉంటే కంబం నిటారుగా ఉన్నట్టే. ఆ పద్ధతి నేనే కనిపెట్టి మురిసిపోయాను. మిగతా గుర్తులేవీ అడగలేదు.

రెండు రోజుల తర్వాత మంచి వాన పడింది. చాక్‌పీసు గీతలన్నీ పోయాయి. రేకు బిళ్లలు మాత్రం తళతళలాడాయి. "చూశారా మిస్త్రీ సాబ్?" అన్నాను. ఆయన బీడీ వెలిగించుకున్నాడు.

తర్వాత కంబాల మీది ఆకుపచ్చ రంగు గీకించాం. ఎన్ని పొరలో! లోపల టేకు బయటపడింది, తేనె రంగులో. ఎనిమిదో నంబరు బిళ్ల కట్టిన కంబానికి, పైకొసకు మూరెడు దూరంలో చుట్టూ లోతైన గీతలున్నాయి. చాలా ఏళ్లు తాడు ఒరుసుకున్న గీతలు. ఆ ఎత్తులో తాడు ఎందుకు కడతారు? దీపాల కోసమే అనుకున్నాను. అనుకుని ఊరుకుంటే బాగుండేది. ఒక బోర్డు రాయించాను: "పూర్వం ఈ స్తంభానికి లాంతరు వేలాడదీసేవారు. తాటి గుర్తులను గమనించగలరు." పెద్దసారు బోర్డు చదివి మెచ్చుకున్నారు. థాయ్‌లాండ్‌లో కూడా ఇలాంటి చిన్న చిన్న వివరాలకే విలువ అన్నారు.

ఫొటోలు చూసుకోలేదా అని మీరు అడుగుతారు, తెలుసు. ఈ కాలం వాళ్లు అన్నింటికీ ఫొటో అడుగుతారు. తీశాం. ఫోన్లు నిండిపోయేలా తీశాం. వీధి తలుపుకు అటూ ఇటూ ఉన్న ఏడు, ఎనిమిది కంబాల ముందు మాత్రం ఒకవైపు కూలరు, ఒకవైపు ఒకదాని మీద ఒకటి ట్రంకు పెట్టెలు, వాటి మీద పరుపుల చుట్టలు. విప్పే రోజు దాకా అవి అక్కడే ఉన్నాయి. కూలరు ఫొటో కావాలంటే నాలుగు వైపుల నుంచీ ఉంది.

ఇల్లు మళ్లీ లేవడం మొదలైంది. పాత ఇంటి రాతి దిమ్మెలు కూడా తెచ్చాం. ఒక్కో కంబానికి దాని దిమ్మె ఉంది, వాటి మీద నంబర్లు ముందు నుంచే చెక్కి ఉన్నాయి. ఆరు కంబాలు లేచాయి, ఏ ఇబ్బందీ లేదు. ఏడో కంబం నిలబెట్టగానే మిస్త్రీ దాన్ని అరచేత్తో కింది నుంచి పైకి నిమిరాడు. మళ్లీ పై నుంచి కిందికి నిమిరాడు. ఎనిమిదోదీ అలాగే నిమిరాడు.

"మేడం, ఇది తలకిందులున్నట్టు కొడ్తాంది నా చేతికి."

"మీ చేతికి కొడితే నేను రిజిస్టర్లో ఏమని రాయాలి?"

"చెట్టు ఎట్ల పెరిగిందో కంబం అట్లనే నిలబడాలె. మొదలు కిందికుండాలె. ఇది ఎదురు గీసుకుంటాంది. పైన ఒక వేలు ఎక్కువ తక్కువ గూడ వస్తాంది."

"రెండు కొసలూ ఒక్క తీరే చెక్కారు కదా, రుజువేది?"

"చెయ్యే రుజువు."

"చెయ్యి సాక్ష్యం చెల్లదు మిస్త్రీ సాబ్. బిళ్ల మీద ఏడు ఉంది, బాణం పైకి ఉంది. ఇల్లు పాతది, అప్పుడూ ఒక వేలు వంకర ఉండే ఉంటుంది. వంకరనూ కాపాడాలి, అదే మన పని."

వంకరనూ కాపాడాలి! ఈ మాట అన్నందుకు ఆ రోజు నా భుజం నేనే తట్టుకున్నాను. సన్నటి చెక్క ముక్క ఒకటి కింద పెట్టి సరిచేస్తానంటే, కొత్త చెక్క పెట్టడానికి వీల్లేదన్నాను. మిస్త్రీ నా వైపు చూసి, "మీ ఇష్టం మేడం" అన్నాడు. ఆ తర్వాత పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. మీరు ఉద్యోగంలో చేరాక ఒకటి గమనించండి. పని తెలిసిన మనిషి వాదించడం మానేశాడంటే మీరు గెలిచినట్టు కాదు.

పెంకులు వేశారు. చివర తలుపు రెక్కలు బిగించారు. మూస్తే రెండు రెక్కల మధ్య పైన రెండు వేళ్ల సందు. కింద ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. అడ్డగడియ దాని కొక్కెం దాకా వెళ్లి నిలబడుతోంది, పడడం లేదు.

ప్రారంభం ఇంకా ఆరు రోజులుంది. నూనె పోశాం. భుజాలతో నెట్టాం. అందులో నేనూ ఉన్నాను. హెడ్ క్లర్కు దిక్సూచి తెచ్చి, తూర్పు ముఖం ఇంటిని ఉత్తరానికి తిప్పారు, నేను మొదటే చెప్పాను అన్నాడు. ఆయన మొదట ఏమీ చెప్పలేదు. బూడిద గుమ్మడికాయ తెప్పించి గడప ముందు ఎత్తి కొట్టాడు. మిస్త్రీ దూరంగా కూర్చుని ఎవరితోనో అన్నట్టుగా, "మంచి కాయ ఖరాబ్ చేస్తాన్రు. హల్వా అయితుండె" అన్నాడు. హెడ్ క్లర్కు తలుపు మూయడానికి ఉత్సాహంగా ముందుకు దూకి, జారి, పడ్డాడు. దవాఖానకు తీసుకెళ్లాం. ఇదీ గైడు చెప్పే మహిమ.

ప్రారంభానికి రెండు రోజుల ముందు పెద్దసారు ఒక నిర్ణయానికి వచ్చారు. "రెక్కల అంచులు రందాతో చిత్రిక పట్టి రెండు వేళ్లు గీకేయండి. మూసుకుంటుంది."

"సార్, అది వందేళ్ల తలుపు" అన్నాను.

"మూసుకోకపోతే ఇల్లే పోతుంది, పత్రం మీరే రాశారు కదమ్మా. రెండు వేళ్లు ఎవరికి తెలుస్తుంది?"

"గీకితే పైన మూసుకుంటది, కింద సందు పడ్తది సార్" అన్నాడు మిస్త్రీ. పదకొండు రోజుల్లో మా ముఖం చూసి అన్న మొదటి మాట అదే. "దర్వాజది తప్పు లేదు. తప్పు చేసినోళ్లను వదిలి దాన్ని కోస్తాన్రు."

తప్పు చేసినోళ్లు ఎవరని నేను అడగలేదు. రెక్కలను ఊడదీసి బల్ల మీద పడుకోబెట్టారు. మిస్త్రీ ముట్టనన్నాడు కనుక బయటి నుంచి ఇంకో వడ్లాయనను పిలిపించారు. అతను రందా బిగించుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడు గేటు దగ్గర ఆటో ఆగింది. ఖాలా దిగింది, చేతిలో టిఫిన్ డబ్బాతో.

ప్రారంభం రోజు మైకులు, పూలదండలు ఉంటాయి, తన ఇంటిని తను చూసుకోలేనని పొద్దున పాసింజరు బండికే కేసముద్రం నుంచి వచ్చేసిందట. పెద్దసారు రందా వైపు చూసి, నా వైపు చూసి, "అమ్మకు లోపల చూపించండి" అని సైగ చేశారు. అంటే తలుపు పడుకోబెట్టిన బల్ల కనబడకుండా అడ్డం నిలబడమని అర్థం. నిలబడ్డాను. నా ఒడ్డూ పొడుగూ ఆ రోజు ప్రభుత్వానికి ఉపయోగపడ్డాయి.

కానీ ఖాలా ఆ వైపు చూడనే లేదు. గడప దాటి, లోపలికొచ్చి, ఎనిమిదో కంబం ముందు ఆగింది. తల పైకెత్తింది. నా బోర్డు చూసింది.

"ఏం రాసిన్రు బిడ్డా గిండ్ల?"

చదివి వినిపించాను. లాంతరు, తాటి గుర్తులు, గమనించగలరు.

ఖాలా ఒక్క క్షణం నోరు తెరిచి నన్ను చూసింది. తర్వాత కంబం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"లాంతరు గాదె తల్లీ! అది మా మేక! పిల్లల పాలకని ఎప్పటికీ ఒక మేకుండేది. ఈ కంబానికే కట్టేటోళ్లం. గుంజి గుంజి గీతలు పెట్టింది. అవి ఈడ మోకాలు కాడ ఉండాలె." వంగి తన మోకాలు దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. తర్వాత అదే చేత్తో పైకప్పు చూపించింది. "ఇప్పుడేమో దూలం కాడున్నయ్. మా మేక ఎప్పుడెక్కిందే అంత పైకి? ఉరేసుకున్నదా ఏంది?"

పెద్దసారు కూడా నవ్వారు. రందా పట్టుకున్న వడ్లాయన నవ్వాడు. నేను నవ్వలేదు. మిస్త్రీ కూడా నవ్వలేదు, నన్నే చూస్తున్నాడు.

"ఇంకో మాట బిడ్డా" అంది ఖాలా, నవ్వు ఆపుకుంటూ. "మేక కంబం కుడి దిక్కుండాలె. దర్వాజల నిలబడి వీధిలకు చూస్తే కుడి దిక్కు. ఎడమకెందుకొచ్చింది?"

రిజిస్టరు తెప్పించాను. ఏడు, ఎనిమిది. రెండింటికీ బాణాలు. అంతా శుభ్రంగా, నా చక్కటి దస్తూరీలో ఉంది. ఎక్కడా కొట్టివేత లేదు.

"మిస్త్రీ సాబ్" అన్నాను, "ఒక చాక్‌పీసు తీసుకుని ఇక్కడ నేల మీద ఏడు వేయండి."

ఏం అడగకుండా వేశాడు. ఉర్దూ ఏడు పైకి నోరు తెరిచిన గరాటులా ఉంటుంది, రెండే గీతలు. నేను దాని చుట్టూ నడిచి అవతలి వైపుకు వెళ్లి నిలబడ్డాను. అక్కడి నుంచి చూస్తే ఇంటి కప్పు. రెండే గీతలు. ఉర్దూ ఎనిమిది.

మీకు అర్థమైందనుకుంటాను, అయినా చెప్తాను, నా శిక్ష ఇది. మిగతా అంకెలు తలకిందులుగా చూస్తే తలకిందులుగానే కనిపిస్తాయి, వాటిని చదవలేం. అందుకని అటు తిరిగి సరిగ్గా చదివాను. ఒకటో కంబానికి కింద చెద తిన్న గుర్తుంది, దానితో గొడవ లేదు. ఏడు, ఎనిమిది మాత్రం అలా కాదు. ఏడు తలకిందులైతే నిటారైన ఎనిమిది. ఎనిమిది తలకిందులైతే నిటారైన ఏడు. ఆ రోజు ఎండ కంట్లో పడుతోందని ఆ రెండు కంబాల దగ్గర మాత్రం కుర్చీ అవతలి వైపు వేయించుకున్నాను. అంతే. రెండింటి చోట్లూ మారాయి, రెండూ తలకిందులయ్యాయి. ఒక దిమ్మె ఎత్తు, దాని కంబం ఒక వేలు పొట్టి. పాత మిస్త్రీ అలా లెక్క చూసుకుని కట్టాడు. నేను వాటిని మార్చి నిలబెట్టించి, వంకరనూ కాపాడాలని ఉపన్యాసం ఇచ్చాను.

మా నాన్న గోడ మీద పోగుల లెక్క వేసేవాడని చెప్పాను కదా. గోడను ఎవరూ అవతలి నుంచి చూడరు.

అందరూ నా వైపే చూస్తున్నారు. పెద్దసారికి ఉర్దూ రాదు. హెడ్ క్లర్కు మంచం మీద ఉన్నాడు. వాన మీదకో, చాక్‌పీసు మీదకో నెట్టేయొచ్చు. ఆ ఆలోచన రాలేదని చెప్పను, వచ్చింది. కానీ బయట బల్ల మీద తలుపు పడుకుని ఉంది, దాని పక్కన రందా ఉంది. నిజం చెప్పకపోతే దాన్ని గీకుతారు, గీకినా గడియ పడదు, ఇల్లు డిపోకు పోతుంది.

"తప్పు నాది" అన్నాను. "ఏడుకు ఎనిమిది రాశాను, ఎనిమిదికి ఏడు రాశాను. తలకు వేయాల్సిన బాణం కాలుకు వేశాను. మిస్త్రీ సాబ్ చెప్పారు, నేనే వినలేదు. రందా లోపల పెట్టండి."

నా జీవితంలో అంత చిన్న ఉపన్యాసం నేనెప్పుడూ ఇవ్వలేదు.

మిస్త్రీ ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచి ఉంటే నాకు తేలికగా ఉండేది. "లారీ జాకీలు రెండు తెప్పియ్ చెల్లె" అన్నాడు. చెల్లె! "పెంకులు ఈ పక్క నాలుగు వరసలు దించాలె. పొద్దుగూకేలోపట అయిపోతది, జర చాయ్ చెప్పు."

పెద్దసారు కోటు విప్పి పెంకులు అందుకున్నారు, అది కూడా చెప్పాలి. దూలాన్ని జాకీలతో లేపారు. రెండు కంబాలను దించారు, తిప్పారు, మార్చారు. మిస్త్రీ మొదటిదాన్ని దిమ్మె మీద నిలబెట్టి అరచేత్తో నిమిరాడు. ఈసారి నన్ను పిలిచాడు. "నువ్వు గూడ నిమురు." కింది నుంచి పైకి నిమిరాను. నున్నగా జారింది. పై నుంచి కిందికి నిమిరితే చెయ్యి చిన్నగా గీసుకుంది. ఇదా రుజువు అనుకున్నాను. పదకొండు రోజులు అది అక్కడే ఉంది, చెయ్యి చాపితే అందేంత దూరంలో.

మేక గీతలు మోకాలి దగ్గరికి దిగాయి. దూలం కూర్చుంది. మిస్త్రీ ఖాలా పక్కనే ఉన్న తన భోజనం సంచిలోంచి గుడ్డ మూట తీశాడు. అందులోంచి రెండు చెక్క మేకులు తీసి, కంబాల నాలుకల్లోకి కొట్టాడు. తలుపు రెక్కలు బిగించారు. ఇంకా వెలుగుంది.

"మూయండి ఖాలా" అన్నాను.

ఆమె టిఫిన్ డబ్బా నా చేతికిచ్చి, రెండు రెక్కలూ దగ్గరికి నెట్టింది. సందు లేదు. అడ్డగడియ మీద చెయ్యి వేసి తోసింది.

ఠక్.

ఖాలా చెవి తలుపుకు ఆనించి, ఆ శబ్దం పోయేదాకా విన్నది.

"అగో, గిదే" అంది. "మా ఆయన దోస్తుల కాడ కూసోని ఆలస్యం చేస్తే, నేను లోపటికెల్లి గిట్ల ఠక్కుమనిపించేదాన్ని. సందు చివర ఉన్నోడు గూడ ఉరికొచ్చేటోడు." తర్వాత డబ్బా విప్పి అందరికీ సేమియా పెట్టింది. మొదటి చెంచా మిస్త్రీకి, ఆఖరుది నాకు. కావాలనే పెట్టిందనుకుంటాను.

బోర్డు మార్చాను. "ఈ స్తంభానికి పాలమేకను కట్టేవారు." మేక అంటే మ్యూజియానికి హుందాగా ఉండదని పెద్దసారు అన్నారు. ఆ వాదన కూడా నేనే గెలిచాను, కానీ ఈసారి గీతలు నా పక్షాన ఉన్నాయి. థాయ్ ఇంటి ఫొటోలు ఇప్పటికీ నా ఫోన్లో ఉన్నాయి. అప్పుడప్పుడు పెద్దవి చేసి ఒక్కో కంబమే చూస్తుంటాను. పడవలోంచి దింపేటప్పుడు అక్కడ కూడా నాలాంటిదెవరో రిజిస్టరు పట్టుకుని నిలబడే ఉంటుంది.

అంతా బాగానే ముగిసింది. ఒక్కటి తప్ప.

ఆ రెండు చెక్క మేకులు. ఒకసారి కొట్టి ఊడదీసిన మేకు మళ్లీ పనికిరాదు, కొత్తది కావాలి. దాన్ని బెజ్జం కొలతకు చెక్కాలి, నూనెలో రెండు మూడు రోజులు నానబెట్టాలి. ఇది మిస్త్రీయే నాకు చెప్పిన సంగతి. ఆ రోజు పొద్దున ఖాలా వచ్చేదాకా కంబాలు మార్చాలని ఎవరికీ తెలియదు. కానీ సాయంత్రం ఆయన భోజనం సంచిలో, గుడ్డలో చుట్టి, నూనె కారుతూ, సరిగ్గా రెండే మేకులున్నాయి. సరిగ్గా ఆ రెండు కంబాల కొలతకు.

విరమణ తర్వాత ఎప్పుడు మట్టెవాడ వెళ్లినా ఆయన దుకాణం ముందు ఆగుతాను. బల్ల మీద కూర్చోబెడతాడు, చాయ్ తెప్పిస్తాడు. నేను ప్రతిసారీ అదే అడుగుతాను. ఆయన ప్రతిసారీ చెక్కపొట్టు ఊదుకుంటూ, "చాయ్ చల్లారుతాంది చెల్లె" అంటాడు.

చల్లారనీ మిస్త్రీ సాబ్. మీకు ముందే తెలుసు కదా. తెలిసీ పదకొండు రోజులు నన్నెందుకు గెలవనిచ్చారు?